కుడిచెవిలో నత్తగుల్ల

నా భార్య కుడిచెవి పోయి ఇది రెండో ఎండాకాలం. పోయింది అని అందరితో పాటు నేనూ అంటున్నాను గానీ, సగం పైన దాన్ని పోగొట్టింది నేనే. ప్రొద్దుటూరు చెవి డాక్టరు దగ్గరకు వెళ్లడానికి పన్నెండు రోజులు పట్టింది. అందులో ఒక్క రోజు ఆలస్యం కూడా ఆమెది కాదు. ఈ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. నోటితో చెబితే మధ్యలో ఆపి ఓదారుస్తారు. నాకు ఓదార్పు అక్కర్లేదు, అందుకని రాస్తున్నాను.

పులివెందులలో నాది మోటారు రిపేరు షాపు. వైండింగ్ చేస్తాను, బోర్లలోంచి మోటార్లు పైకి తీసి, బాగుచేసి, మళ్లీ దించుతాను. ముప్పై ఏళ్లుగా ఇదే పని. మా పనిలోకి మీటర్లు తర్వాత వచ్చాయి. మొదటి నుంచీ ఉన్నది చెవి. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను తిరుగుతున్న మోటారుకు ఆనించి, పిడిని చెవి వెనకాల ఎముకకు నొక్కిపెట్టి వింటే చాలు. బేరింగు అరిగిందో, షాఫ్టు తగులుతోందో, నీళ్లు లేక గాలి మింగుతోందో తెలిసిపోతుంది. బోరు మూతి దగ్గర ఇనుప పైపుకు ఆనిస్తే వందల అడుగుల కింద ఉన్న మోటారు కూడా పలుకుతుంది. ఈ విద్యలో నాకు పేరుంది. వేముల చుట్టుపక్కల రైతులు "ఆయప్ప చెవి పెడితే ఇంక తిరుగు ల్యా" అంటారు. ఆ మాట విని విని నాకు తలకెక్కింది.

ఆ పేరులో సగం నా భార్యది. ఆమె చెవి బాగున్న రోజుల్లో ఈ ముక్క నా నోటి నుంచి ఒక్కసారి కూడా రాలేదు. ఆమె షాపులో కూర్చుని రాగి తీగ కాయిల్స్ చుట్టేది, ఫోను ఎత్తేది. తోటల్లోంచి రైతులు ఫోను చేసి, సెల్లును పైపు దగ్గర పెట్టి, "అమ్మా, ఇదో, కొంచెం ఇను" అనేవాళ్లు. ఆమె ఫోనును కుడిచెవికి ఆనించుకుని కళ్లు మూసుకునేది. "బేరింగు పోయిందిలేప్పా, నీళ్లుండాయి, భయపడొద్దు" అని చెప్పేసేది. నేను వెళ్లి విప్పి చూస్తే అదే అయ్యేది. వచ్చి మాత్రం "ఏదో గాలివాటంగా చెప్పినావులే మే" అనేవాణ్ణి. ఆమె నవ్వి ఊరుకునేది.

ఆమె మా మేనమామ కూతురే. పుట్టిల్లు జమ్మలమడుగు. చిన్నతనంలో ఎడమచెవికి చీము పట్టి ఏళ్లతరబడి కారింది. కర్ణభేరికి చిల్లు పడిందని అప్పుడెవరో చెప్పారట, చెప్పినదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆ పక్క నుంచి గట్టిగా అరిస్తే తప్ప వినపడేది కాదు. ఇంట్లో అందరం దాన్ని చచ్చిన చెవి అనేవాళ్లం, ఆమె కూడా అలాగే అనేది. తాళి కట్టాక ఆమెను నాకు ఎడమపక్కన కూర్చోబెట్టారు కాబట్టి ఆమె మంచి చెవి నా వైపే వచ్చింది. అప్పటి నుంచీ బస్సులో, సినిమా హాల్లో, పెళ్లి పందిట్లో, యాడైనా నేను ఆమెకు కుడిపక్కనే.

ఆ రోజు పొద్దున్నే లేచి కూర్చుని, గోడ పట్టుకుని, "బావా, కరెంటు పోయిందా?" అని అడిగింది. నెత్తి మీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. గాలికి ఆమె జుట్టు ఎగురుతోంది. అయినా ఆమెకు ఫ్యాను లేదు.

"పోల్యా, తిరుగుతాంది గదా" అన్నాను. ఆమె నా నోటి వంక చూసింది.

"కుడిచెవి మూసుకున్నెట్ల ఉండాది. లోపల బోరు తిరుగుతాన్నెట్ల ఒకటే హోరు" అంది. లేచి నిలబడబోయి, మంచం పట్టె పట్టుకుని, వాంతి చేసుకుంది. ఇల్లంతా తిరుగుతోందని చెప్పింది. ఎండాకాలం, పైత్యం చేసిందనుకున్నాను.

మధ్యాహ్నానికి తల తిరగడం తగ్గింది గానీ చెవి అలాగే ఉంది. నాకు అప్పుడు తోచిన ఉపాయమే నా బతుకులో నేను చేసిన పెద్ద తప్పు. ఆమెను పెరట్లో సంపు మోటారు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాను. మోటారు వేశాను. స్క్రూడ్రైవర్ మొన మోటారుకు ఆనించి, పిడిని ఆమె కుడిచెవి వెనకాల ఎముకకు నొక్కిపెట్టాను. "ఇనపడుతాందా?" అని చెయ్యి ఊపి అడిగాను. ఆమె తలూపింది.

ఇక నా ఆనందం చూడాలి. ఎడమది ఎలాగూ చచ్చిన చెవి. కాబట్టి విన్నది కుడిచెవే. అంటే లోపలి యంత్రం భేషుగ్గా ఉంది, బయట దారిలో గుబిలి అడ్డం పడింది. లెక్క ఇంత సులువు. ఇందులో తప్పు ఎక్కడుందో ఇప్పటికీ మా తోటి మెకానిక్కులను అడిగితే చెప్పలేరు. నేనైతే విజిల్ వేసుకుంటూ షాపుకు వెళ్లాను.

నాలుగు రోజులు నువ్వులనూనెలో వెల్లుల్లి వేసి కాచి, గోరువెచ్చగా చెవిలో పోశాను. ఆమె ఓపికగా పోయించుకుంది. ఐదో రోజు ఆమె తమ్ముడు వచ్చి, అక్క రెండు రోజులు మా దగ్గర ఉంటుందిలే బావా అని జమ్మలమడుగు తీసుకుపోయాడు. నాకూ అదే నయమనిపించింది, సీజను పని నెత్తి మీద ఉంది. మరునాడు అక్కడి డాక్టరు చెవిలో లైటు వేసి చూశాడట. బామ్మర్ది ఫోను చేశాడు.

"బావా, చెవిలో గుబిలే ల్యాదంట. అద్దం మాదిరి ఉండాదంట. బిర్న ప్రొద్దుటూరికి తీసకపోండి అంటాండాడు."

"లైటేసి చూసేవానికి లోపలి సంగతి ఏం తెల్చురా? నేను ఎముక మింద పెట్టి చూసినా. లోపలంతా బాగుండాది. నూనెకు నానుతాంది, ఊరికే హైరానా పడొద్దండి" అన్నాను.

మా వైపు అల్లుడు ఒక మాట అంటే అత్తగారింట్లో దాన్ని దాటరు. దాటి ఉంటే ఎంత బాగుండేది. వాడు నన్ను నాలుగు బూతులు తిట్టి, అక్కను బండి మీద ఎక్కించుకుని ప్రొద్దుటూరు పోయి ఉంటే, ఈ రోజు వాడి కాళ్లు కడిగి ఉండేవాణ్ణి. వాడు "సరే బావా" అన్నాడు. నేను వచ్చేదాకా ఆగారు.

నేను రావడానికి ఇంకో ఆరు రోజులు పట్టింది. వేముల దగ్గర ఒక తోటలో మోటారు పైకి తీస్తుంటే పైపు విరిగి, మోటారు బోరులో ఇరుక్కుపోయింది. చీనీ చెట్ల ఆకులు ముడుచుకుంటున్నాయి. రైతు పొద్దస్తమానం బోరు పక్కనే కూర్చుని నా మొహం చూస్తున్నాడు. మోటారును బతికించే దాకా కదలకూడదనుకున్నాను. బతికించాను కూడా. ఆ తోట ఇప్పుడు పచ్చగా ఉంది. అటు పోవాల్సి వస్తే వేరే దారిన పోతాను.

పన్నెండో రోజు జమ్మలమడుగులో అత్తగారింటి గడపలో నిలబడి, వెనక నుంచి ఆమెను పిలిచాను. చేటలో బియ్యం చెరుగుతోంది. తిరగలేదు. దగ్గరకు వెళ్లి మళ్లీ పిలిచాను. పక్కన పొయ్యి మీద కుక్కరు విజిల్ వేసింది. ఆమె చెయ్యి ఆగలేదు, తల ఎత్తలేదు. మా అత్త చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ముఖం కూడా కడుక్కోకుండా ఆమెను బస్సెక్కించాను.

ప్రొద్దుటూరు డాక్టరమ్మ మా మాట సగం విని, "ఎన్నో రోజు ఇది?" అని అడిగింది. పన్నెండు అన్నాను. చేతిలో పెన్ను కింద పెట్టింది. నేను ఆ పెన్ను వంకే చూస్తూ కూర్చున్నాను.

తలుపు మూసిన చిన్న గదిలో పరీక్ష చేశారు. తర్వాత డాక్టరమ్మ రెండు కాళ్ల ఇనుప కడ్డీ ఒకటి, మేం బడిలో చూసిన శృతిదండం లాంటిది, మోచేతికి కొట్టి మోగించి ఆమె నుదుటి నడుమ పెట్టింది. ఏ పక్క వినపడుతోందో చేత్తో చూపించమంది. నా భార్య ఎడమచెవి చూపించింది. చచ్చిన చెవి. నాకు అర్థం కాలేదు.

డాక్టరమ్మ చీటీ వెనక పెన్నుతో బొమ్మ వేసింది. నత్తగుల్ల బొమ్మ. "దీన్ని కోక్లియా అంటారు" అంది. మా పదో తరగతి పుస్తకంలో కర్ణావర్తం అని ఉండేది, మార్కుల కోసం బట్టీ కొట్టాను. బఠానీ గింజంత ఉంటుందట. రెండున్నర చుట్లు. తలలోకెల్లా గట్టి ఎముకలో తొలిచినట్టు ఉంటుంది. లోపల నీళ్లు. ఆ నీళ్ల నడుమ, చుట్లు తిరిగిన పొడుగునా, ఒక పల్చటి పొర పరిచి ఉంటుంది. పొర మీద వరసలు వరసలుగా కణాలు, కణాల నెత్తిన కంటికి కనపడని వెంట్రుకలు. కర్ణభేరి కదిలితే దాని వెనక మూడు చిన్న ఎముకలు కదిలి నత్తగుల్ల కిటికీని నెడతాయి. నీళ్లు కదులుతాయి, పొర అల లాగా లేస్తుంది, వెంట్రుకలు వంగుతాయి. వంగినప్పుడు కరెంటు పుడుతుంది. నరం ఆ కరెంటును మెదడుకు మోసుకుపోతుంది. మూతి దగ్గరి వెంట్రుకలు సన్నటి శబ్దాలకు, కొసన ఉన్నవి బొంగురు శబ్దాలకు. దాని పక్కనే అతుక్కుని మూడు వంపు గొట్టాలుంటాయి, అవి మనిషి పడిపోకుండా చూస్తాయి. మొదటి రోజు ఇల్లు తిరిగింది అందుకే.

నీళ్లు, కరెంటు, చుట్లు. ముప్పై ఏళ్లుగా నేను చేసే పని అంతా ఆ బఠానీ గింజలో ఉంది. నా భార్య తలలోనే ఉంది. నేనెన్నడూ చూడలేదు.

"కుడి కోక్లియాలో వెంట్రుక కణాలు దెబ్బతిన్నాయి. వైరస్సో, రక్తం అందకపోవడమో, చాలామందిలో కారణం మాకే దొరకదు. మొదటి రెండు మూడు రోజుల్లో స్టెరాయిడ్ పడి ఉంటే అవకాశం ఎక్కువ ఉండేది. ఇప్పుడు కూడా ప్రయత్నం చేద్దాం" అంది.

"రీవైండింగ్ మాదిరి ఏమైనా ఉంటుందా మేడం? కాలిపోయిన తీగ తీసేసి కొత్తది..." అని అడిగాను.

ఆమె నవ్వలేదు. "కోళ్లకు అవి మళ్లీ మొలుస్తాయి. మనుషులకు మొలవవు" అంది.

అప్పుడు నేను స్క్రూడ్రైవర్ సంగతి చెప్పాను. కుడిపక్క ఎముక మీద పెడితే వినపడింది గదా మేడం, మరి అదెట్ల వినపడింది అని వాదనకు దిగాను. ఆ నిమిషంలో కూడా నాకు గెలవాలనే ఉంది. డాక్టరమ్మ తన నెత్తి మీద అరచెయ్యి పెట్టుకుని చూపించింది. తలంతా ఒకే ఎముకల గూడు, కుడిపక్క మోగిస్తే ఎడమ నత్తగుల్లకు కూడా పోతుంది. ఎడమచెవిలో కర్ణభేరికి చిల్లు ఉంది, చిన్న ఎముకల్లో ఒకటి అరిగిపోయింది. గాలిలో వచ్చే శబ్దానికి అక్కడ తలుపు మూసుకుపోయింది. తలుపు వెనకాల నత్తగుల్ల మాత్రం నిక్షేపంగా ఉంది. మీ మోటారును విన్నది అది.

"ఏ పక్క వినపడిందని ఆమెను అడిగారా?" అంది.

"లేదు" అన్నాను.

నా భార్య మా ఇద్దరి పెదవుల వంక మార్చి మార్చి చూస్తోంది. నా మోచెయ్యి పట్టుకుని, "ఏమంటాంది?" అని అడిగింది. నేను ఆమె ఎడమచెవి దగ్గర నోరు పెట్టి, "మందేస్తే నయమైతాదంట" అని అరిచాను. బయట వరండాలో కూర్చున్నవాళ్లు కూడా విని తల ఊపారు.

తర్వాతి నెల ఎలా గడిచిందో చెప్పడం నాకు చేతకాదు. మాత్రలు మింగింది, మొహం ఉబ్బింది, నిద్ర పట్టేది కాదు. ఆ పైన ఇంజెక్షన్లు. కర్ణభేరి గుండా సూది పంపి వెనక ఖాళీలో మందు నింపుతారు. అది నత్తగుల్ల కిటికీలోంచి లోపలికి ఇంకాలి. అందుకని అరగంట కుడిచెవి పైకి పెట్టి కదలకుండా పడుకోవాలి, గుటక వేయకూడదు. నోట్లో ఊరిన ఉమ్ము చెంప మీదుగా కారుతుంటే నేను తువ్వాలుతో తుడిచేవాణ్ణి. తుడుస్తూ ఆ చెవి రంధ్రంలోకి చూసేవాణ్ణి. ఇంకు తల్లీ, లోపలికి ఇంకు అని మందును బతిమాలేవాణ్ణి. దేవుణ్ణి నమ్మనని ఎన్నోసార్లు ఎగతాళిగా మాట్లాడిన మనిషిని, ముద్దనూరు మీదుగా పోయే బస్సులో కూర్చుని, దారిలో కనపడిన ప్రతి గుడికీ, దర్గాకూ, చర్చికీ మొక్కుకున్నాను.

ఇంటికి వచ్చాక పరీక్షలు పెట్టేవాణ్ణి. వెనక నుంచి చప్పట్లు కొట్టేవాణ్ణి. పళ్లెం పడేసేవాణ్ణి. ఫోను మోగించి ఆమె కుడిచెవికి ఆనించేవాణ్ణి. ఒకరోజు ఆమె ఫోను లాక్కుని మంచం మీదికి విసిరేసింది.

"సాలు బావా. నేను మనిషిని, నీ షాపుకొచ్చిన మోటారు గాదు" అంది. ఆ తర్వాత చప్పట్లు మానుకున్నాను. పెరట్లో పక్కింటి కోళ్లు తిరుగుతుంటే వాటిని చూసి పళ్లు నూరుకునేవాణ్ణి. పేడకుప్ప కెలికే కోడికి మొలుస్తాయి, నా భార్యకు మొలవవు. ఒక కోడిని రాయి పెట్టి కొట్టాను కూడా. దాని తప్పేముంది.

మూడో ఇంజెక్షన్ అయి వస్తున్నప్పుడు ఒక దొంగపని చేశాను. బస్సులో అలవాటు కొద్దీ ఆమెకు కుడిపక్కనే కూర్చున్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. వంగి, ఆ కుడిచెవిలోనే, "తప్పు నాది మే, ఆ పొద్దు నేను తప్పు చెప్పినా" అన్నాను. వినపడదని తెలిసే అన్నాను. ఒక్క వెంట్రుకైనా బతికి ఉంటే వింటుందేమోనని ఆశ కూడా ఉంది. వింటే ఎలాగని భయం కూడా ఉంది. ఆమె తిరగలేదు. చెప్పేసినట్టే లెక్క అనుకుని కళ్లు మూసుకున్నాను, కానీ మనసు ఒప్పుకోలేదు.

నాలుగో ఇంజెక్షన్ అయ్యాక మళ్లీ చిన్న గదిలో పరీక్ష చేశారు. కాగితం మీద కుడిచెవి గీత అడుగునే ఉంది, మొదటి పరీక్షలో ఎక్కడ ఉందో అక్కడే. డాక్టరమ్మ ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి, "కుడిది ఇంక వదిలేద్దాం" అంది. ఎడమచెవిని కోసి చిల్లు మూయొచ్చు కదా అని అడిగాను. "మిగిలింది అదొక్కటే. దాని మీద కత్తి పెట్టే ధైర్యం నాకు లేదు. మిషను పెట్టి చూద్దాం, అది బాగా పనిచేస్తుంది" అంది.

వారం తర్వాత ఎడమచెవికి మిషను పెట్టారు. పెట్టి ఆన్ చేయగానే నా భార్య ఉలిక్కిపడి తన గాజులు చూసుకుంది. చెయ్యి మళ్లీ కదిలించింది. మళ్లీ కదిలించింది. తర్వాత రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. ఏళ్లకేళ్లు చచ్చిందని మేం పక్కన పెట్టిన చెవి అది.

బస్టాండులో పులివెందుల బస్సు కోసం సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. ఈసారి ఆమెకు ఎడమపక్కన కూర్చున్నాను. అటు కూర్చోవడం నాకు కొత్త, చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆమె అటూ ఇటూ బస్సుల హారన్లు వింటోంది. ఇప్పుడు చెప్పకపోతే జన్మలో చెప్పలేనని తెలిసింది.

"మే, ఒక మాట. ఆ పొద్దు స్క్రూడ్రైవర్ పెట్టి బాగుండాది అన్నెను చూడు, అది తప్పు. నువ్విన్నెది ఈ చెవితో. నేను ఏ పక్క అని అడిగిండాల్సింది. అడగల్యా. అడిగింటే ఆపొద్దే ప్రొద్దుటూరికి వచ్చిండేవాళ్లం."

ఆమె నా వైపు తిరిగింది. కోపం లేదు మొహంలో. అలసట ఉంది.

"నువ్వు అడగల్యా గానీ, నేను చెప్పినా బావా" అంది. "ఈ పక్క మోగుతాంది బావా, ఈ పక్క, అని చెయ్యి పెట్టి చూపిచ్చినా. సచ్చిన చెవికి యాడ ఇనపడుతాది మే అని నవ్వినావు. నీ పెదాలు కనపడినాయి, నీ నవ్వు కనపడింది నాకు."

ఆ పెరడు గుర్తుంది, కుర్చీ గుర్తుంది, మోటారు మోత గుర్తుంది. ఆమె తలూపడం గుర్తుంది. ఈ మాట మాత్రం లేదు. ఎంత వెతికినా దొరకలేదు, ఇప్పటికీ దొరకడం లేదు. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు.